మాది పల్లమే అన్న మనిషి

మొన్న వాయుగుండం వానకి తెనాలిలో మా అపార్టుమెంటు సెల్లారులోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. మార్గశిర మాసం, ఉదయం ఎనిమిది గంటలు. స్కూటర్లు సగానికి మునిగి ఉన్నాయి. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు లుంగీ పైకి మడిచి, నీళ్ళలో తన కారు దగ్గరికి నడుస్తూ, మెట్ల మీద నిలబడ్డ మా అందరికీ ధైర్యం చెప్పారు.

“కంగారు పడకండి. ఇది వరద కాదు. తెనాలి మెరక. ఎప్పుడూ మునగదు. మునిగేదంతా కింద, రేపల్లె వైపు.”

ఆ మాట అంటుండగానే ఆయన చెప్పు ఒకటి కాలి నుంచి ఊడి, తేలుకుంటూ లిఫ్టు వైపు పోయింది. నాకు నవ్వు ఆగలేదు. ఈ మాట విని నాకంటే గట్టిగా నవ్వగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. మెట్ల మీద నుంచే ఆయనకి ఫోన్ చేశాను. ఆయన కూతురు ఎత్తింది.

“నాన్న పోయి తొమ్మిది రోజులైందండి. ఈ హడావిడిలో ఎవరికి చెప్పామో ఎవరికి చెప్పలేదో నాకే తెలీట్లేదు. ఎల్లుండి పెదకర్మ. వీలైతే రండమ్మా.”

నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. కింద మేనేజరు గారు చెప్పు కోసం వెతుక్కుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. నాకు ఈ నేలని చూడటం నేర్పిన మనిషి పోయి తొమ్మిది రోజులైతే, నేను సెల్లారు నీళ్ళ కబురు చెప్పి నవ్విద్దామని ఫోన్ చేశాను.

నేను మురుగు కాలువల శాఖలో ఇంజనీరుని, ఆయన అక్కడే లస్కరు. అంటే కాలువ గట్లు, షట్టర్లు చూసుకునే కింది ఉద్యోగి. ఇంజనీర్లు లెవెల్ చూడటానికి బయల్దేరితే కర్ర పట్టుకోవడం కూడా ఆయన పనే. మూడు కాళ్ళ స్టాండు మీద యంత్రం పెట్టి మేం దుర్భిణిలోంచి చూస్తాం. దూరంగా అంకెలు రాసిన నిలువెత్తు కర్ర పట్టుకుని ఆయన నిలబడతారు. దుర్భిణిలో కర్ర మీద ఏ అంకె కనిపిస్తే అది రాసుకుంటాం. దాన్ని బట్టి ఏ నేల ఎత్తో, ఏ నేల పల్లమో తేలుతుంది. మేం ఒకచోట నిలబడి ఒంటికన్నుతో చూసేవాళ్ళం. ఆయన ప్రతి చోటికీ వెళ్ళి, ప్రతి చోటా కాళ్ళతో నిలబడేవారు. ఎవరికి నేల ఎక్కువ తెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

నేను వినుకొండ అవతల మెట్ట ఊళ్ళో పుట్టినదాన్ని. మా వైపు నేలంటే రాళ్ళు, గుట్టలు. ఎత్తుపల్లాలు కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మురుగు కాలువల విభాగంలో ఉద్యోగం వచ్చి రేపల్లెలో చేరమన్నప్పుడు మా నాన్న తెగ సంబరపడ్డాడు. “నీళ్ళున్న చోటికి పోతున్నావు, అదృష్టవంతురాలివి” అన్నాడు. మా మెట్ట వాళ్ళ దృష్టిలో డెల్టా అంటే ఏడాది పొడుగునా పారే కాలువలు, గట్ల మీద కొబ్బరిచెట్లు, కడుపు నిండిన జనం. అక్కడ నీళ్ళు రావడం కాదు, పోవడం కష్టమని మాకెవరూ చెప్పలేదు.

మొదటి రోజే నా అజ్ఞానం బయటపెట్టుకున్నాను. రేపల్లె దాటాక ఒక గట్టు మీద నిలబడి చుట్టూ చూశాను. నాలుగు దిక్కులా వరి మాగాణి, క్యారమ్ బోర్డు పరిచినట్టు.

“అంతా చదునే కదా బాబాయ్. ఇందులో లెవెల్ చూడటానికి ఏముంది?” అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. “మేడంగారండి, చెప్పులు విడిచి ఆ చేలోకి దిగండి.”

“ఎందుకు?”

“దిగండి చెప్తాను.”

కొత్త ఉద్యోగం, కొత్త చుడీదారు. అయినా దిగాను. కోత అయిపోయిన చేను, ముందు రాత్రి కురిసిన వాన. ఆయన గట్టు మీద నడుస్తూ నన్ను చేలో నడిపించారు. మొదట బురద మడమ దాకా ఉంది. ఇరవై అడుగులు పోయేసరికి చీలమండ దాటింది. ఇంకో ఇరవై అడుగులకి పిక్క సగం దాకా దిగబడి, ముందుకీ పోలేక వెనక్కీ రాలేక నిలబడిపోయాను.

“ఇప్పుడు చెప్పండమ్మా, చదునేనా?” అన్నారు ఆయన గట్టు మీద నుంచి, ఏమాత్రం నవ్వకుండా. అప్పుడు చెయ్యి అందించారు.

కర్ర అంటే ఆయనకి ప్రాణం. మడత విప్పితే పొడుగయ్యే పాత చెక్క కర్ర అది. శాఖ వాళ్ళు తళతళలాడే అల్యూమినియం కర్రలు ఇచ్చాక కూడా దాన్ని వదల్లేదు. పాత పంచెలో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెనాలి బస్సెక్కేవారు. బస్సులో కండక్టరుతో రోజూ ఒకటే గొడవ.

“పైన వెయ్యి పెద్దాయనా, దారికి అడ్డం!”

“పైనేస్తే వంకర పోద్ది నాయనా. ఇది వంకర పోతే మీ ఊరు మునుగుద్ది.”

కండక్టరుకి ఆ రెండింటికీ సంబంధం ఏమిటో అర్థమయ్యేది కాదు. కానీ ఊరు మునగడం అనేసరికి ఊరుకునేవాడు.

ఆయనకి కుడీ ఎడమా, ఉత్తరం దక్షిణం లేవు. ఎగువ, దిగువ. అంతే. తెనాలిలో హోటల్లో టిఫిన్ చేస్తుంటే “ఆ దిగువ కుర్చీలో కూర్చోండమ్మా, ఫ్యాను గాలొస్తది” అనేవారు. సర్వరు అయోమయంగా చూసేవాడు. నిజానికి ఆ హోటలు నేల తలుపు వైపు వాలుగానే ఉంటుంది. కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయో ఆయన లోపలికి అడుగుపెట్టగానే చూసేసుకుని ఉంటారు. చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టుకున్నా, శంకుస్థాపనకి పంతులుగారిని పిలిచినట్టే ఆయన్నీ పిలిచేవారు. పంతులుగారు దిక్కులు చూసేవారు. ఈయన చెంబెడు నీళ్ళు కింద పోసి, గొంతుక్కూర్చుని, అవి ఎటు పోతాయో చూసేవారు. ఇద్దరి మాటా కుదరకపోతే ఇంటాయన తల పట్టుకునేవాడు. వంటగది ఆగ్నేయంలోనే ఉండేది కానీ గడప మాత్రం ఈయన చెప్పినంత ఎత్తు లేపేవారు.

ఈ ప్రాంతంలో ఏడేళ్ళు తిరిగాక నాకు ఒక సంగతి తెలిసింది. ఇక్కడ ఏ ఊరివాణ్ణి అడిగినా వాళ్ళ ఊరు మెరక. పల్లం ఎప్పుడూ పక్క ఊరే. తెనాలిలో అడిగితే మునిగేది రేపల్లె అంటారు. రేపల్లెలో అడిగితే, “మాకేంటండి, కృష్ణ కరకట్ట ఉంది. మునిగేది బాపట్ల వైపు” అంటారు. బాపట్ల వెళ్ళి అడిగితే, “మాది ఇసక నేలండి, ఎంత కురిసినా తెల్లారేసరికి తాగేస్తది. మునిగేదంతా తెనాలి కింద ఆ నల్లరేగడి” అంటారు. కొలకలూరు వాళ్ళనడిగినా చీరాల వాళ్ళనడిగినా అంతే. ఒక ఊరు చేత్తో పక్క ఊరిని చూపిస్తుంది, ఆ ఊరు ఇంకో ఊరిని చూపిస్తుంది. ఇలా చుట్టూ తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తాం. నీళ్ళు మాత్రం అన్ని చోట్లా ఉంటాయి. పల్లం అని ఒప్పుకుంటే ఎకరం ధర పడిపోతుంది. సంబంధాలు వెనక్కి పోతాయి. అందుకని పీకల దాకా మునిగినా ఎవరూ ఒప్పుకోరు.

ఆయన ఒక్కరే ఒప్పుకున్నారు. బాపట్ల టీకొట్టు దగ్గర ఎవరో పలకరింపుగా “మీదే ఊరు బాబాయ్, మెరకేనా?” అంటే, “మాది పల్లమేనండి. నాలుగు చినుకులు పడితే ముందు మాకే తెలుస్తది” అనేవారు, తన పేరు చెప్పినంత మామూలుగా. ఆయన ఊరి వాళ్ళకి ఇది నచ్చేది కాదు. ఒకసారి నా ఎదుటే ఆయన అన్నగారు కోప్పడ్డారు.

“నువ్వు చెప్పకపోతే ఎవడడిగాడ్రా? ఊరి పరువు తీస్తన్నావు.”

“నేను చెప్పకపోతే నీళ్ళు రాకుండా పోతయ్యా అన్నయ్యా?”

అన్నగారు నా వైపు చూసి, “చూడండమ్మా ఈడి వరస” అన్నారు. కోపంలో కూడా కొంచెం మురిపెం ఉంది. అన్నదమ్ములిద్దరూ ఒకే గోడకి అటూ ఇటూ కాపురం. పొద్దున్నే ఒకే అరుగు మీద కాఫీ తాగేవారు.

సముద్రం పల్లంలో ఉంటుందని, నీళ్ళన్నీ అటే పోతాయని నేను చదువుకున్నాను. ఆయన నన్ను బాపట్ల దాటించి సూర్యలంక దారిలోకి తీసుకెళ్ళి, వరుసగా లెవెల్ చూపించారు. సముద్రం ఒడ్డున ఇసుక మిట్టలు, వాటి వెనకాల ఎన్నో మైళ్ళ లోపల ఉన్న వరిచేల కంటే ఎత్తు. నేను రెండుసార్లు లెక్క చూసుకున్నాను. తప్పు నాదే అనుకున్నాను.

“లెక్క సరిగ్గానే ఉందమ్మా,” అన్నారు. “సముద్రం అటుందని మనకి తెలుసు. నీళ్ళకి తెలీదుగా. వాటికి కాళ్ళ ముందు పల్లం ఎటుందో అంతే తెలుసు.”

చలికాలం వరద గురించి కూడా ఆయనే చెప్పారు. ఆగస్టులో కృష్ణకి వచ్చే వరదకి పేరుంటుంది, టీవీలో చూపిస్తారు, మంత్రులు వస్తారు. కోతల ముందు వాయుగుండం పట్టి మూడు రోజులు కురిస్తే వచ్చేదానికి పేరు లేదు. “అది ఎక్కడి నుంచో వచ్చిన నీళ్ళు కాదమ్మా. మన మీద పడి, పోలేక మన దగ్గరే కూర్చున్న నీళ్ళు. అతిథి కాదు, ఇంట్లో మనిషే. గెంటలేం.”

ఆయన తగాదాలు తీర్చే పద్ధతి ఒకటి ఉండేది. మురుగు ఎవరి చేలోంచి పోవాలని రెండు ఊళ్ళు కొట్టుకుంటుంటే, ఆయన కర్ర తీసుకెళ్ళి ఆ ఊరి పెద్ద చేతికే ఇచ్చేవారు. “మీరే పట్టుకోండి. పక్క ఊరి చేలో పట్టుకోండి, తరవాత మీ చేలో పట్టుకోండి. అంకె మీరే వినండి.” నేను యంత్రంలో చూసి అంకె గట్టిగా చదివేదాన్ని. ఒకసారి ఒక పెద్దమనిషి చేలో రెండుంపావు వచ్చింది, ఎదుటివాళ్ళ చేలో ఒకటిన్నర. “చూశారా, మాదే ఎక్కువ!” అని ఆయన మీసం దువ్వుకున్నాడు. ఆయన మనుషులు చప్పట్లు కొట్టారు. బాబాయ్ ఆ సంతోషాన్ని ఒక నిమిషం అలాగే ఉండనిచ్చి, తరవాత మెల్లగా అన్నారు.

“కర్ర ఎంత కిందకి దిగితే అంకె అంత పెరుగుద్ది బాబూ. అంకె పెద్దదయితే నేల పల్లమని.”

మీసం మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది. కానీ కర్ర ఆయన చేతిలోనే ఉంది, ఎవరిని తిట్టాలి? ఆ మధ్యాహ్నమే మురుగుకి దారి ఇచ్చారు.

ఇంక ఆ డిసెంబరు సంగతి చెప్పాలి.

ఊళ్ళన్నిటా కోతలు అయిపోయాయి. కోసిన వరి పనలు ఇంకా చేలల్లోనే ఆరుతున్నాయి. కుప్పలు వేసే లోపలే వాయుగుండం పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. నాలుగో రోజు ఉదయం ఎగువ ఊరు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి, బయటికి పోయే దారి లేదు, ఎక్కడో ఒకచోట గండి కొట్టాల్సిందే. కొట్టడానికి రెండే చోట్లున్నాయి. ఒకటి తూర్పున ఉన్న రోడ్డు, దాని అవతల బాబాయ్ వాళ్ళ ఊరి చేలు. రెండోది దక్షిణాన ఉన్న మురుగు కాలువ గట్టు, దాని అవతల చేపలు పట్టుకునే వాళ్ళ పేట, ముప్పై గుడిసెలు. రోడ్డు తెగితే ఊరి పంట పోతుంది. గట్టు తెగితే గుడిసెల్లోకి నీళ్ళు పోతాయి. పేటలో ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు ఉన్నారు. వెళ్ళి తలదాచుకోవడానికి పక్కన మెరక లేదు.

పెద్దసారు ఫోన్లో ఒకటే మాట అన్నారు. “ఏది పల్లమైతే అక్కడే నీళ్ళు తొందరగా లాగుతాయి. లెవెల్ చూడు, రాసి సంతకం పెట్టు, కొట్టించు. రేపు ఎవరైనా అడిగితే కాగితం ఉండాలి.”

మేం వెళ్ళేసరికి ఎగువ ఊరి వాళ్ళు పలుగూపారలతో నిలబడ్డారు. బాబాయ్ వాళ్ళ ఊరి వాళ్ళు రోడ్డు మీద బారులు తీరారు, చేతుల్లో కర్రలు. పేట వాళ్ళు గట్టు మీద ఉన్నారు. వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు. ఒకావిడ చంకలో బిడ్డ, తల మీద బిందె. ఆ బిందెలో బట్టలు. నన్ను చూసి “అమ్మా, మేం ఎటు పోవాలో చెప్పి కొట్టండి” అంది.

వాన సన్నగా పడుతూనే ఉంది. రోడ్డు మలుపులో, రెండు చోట్లూ కనిపించే దగ్గర యంత్రం పెట్టాను. బాబాయ్ పంచె ఎగ్గట్టి కర్ర భుజాన వేసుకున్నారు. అప్పుడు ఆయన అన్నగారు వచ్చి ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పారు. అన్నగారివి నాలుగు ఎకరాలు, బాబాయ్‌ది ఒక ఎకరం. రెండూ రోడ్డుకి అవతలే, పనలు నేల మీదే ఉన్నాయి.

బాబాయ్ తిరిగి నా దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేట్టు అన్నారు.

“మేడంగారండి, పేట దగ్గర కర్ర కాస్త వాల్చమంటన్నాడు మా అన్న. రాసుకోండి.”

అన్నగారి మొహం నల్లబడింది.

అలా ఎందుకు అడిగారంటే, కర్ర నిటారుగా ఉంటేనే అంకె నిజం. వాలిస్తే అంకె పెరుగుతుంది, అంటే లేని పల్లం ఉన్నట్టు చూపిస్తుంది. పక్కలకి వాలితే యంత్రంలో నాకు తెలిసిపోతుంది. నా వైపుకో వెనక్కో వాలితే మాత్రం నాకు తెలియదు, పక్కనుంచి చూసేవాళ్ళకే తెలుస్తుంది. అక్కడ మా పని మొత్తం కర్ర పట్టుకున్న మనిషి మీదే ఆధారపడి ఉంటుంది.

ఆయన ముందు పేట గట్టు దగ్గర నడుము లోతు నీళ్ళలో దిగి నిలబడ్డారు. నిట్రాటలా. అంకె చదివాను, రాసుకున్నాను. తరవాత రోడ్డు పక్కకి వచ్చి, తన ఊరి వాళ్ళు రోడ్డు కట్ట మీద నుంచి చూస్తుండగా, అదే నడుము లోతు నీళ్ళలో కర్ర నిలబెట్టారు. అంకె చదివాను. పేట దగ్గర కంటే మూడు సెంటీమీటర్లు ఎక్కువ. అంటే రోడ్డు వైపే పల్లం. మళ్ళీ చదవమన్నారు ఆయన. మళ్ళీ చదివాను. అదే.

రాసి, సంతకం పెట్టి, “రోడ్డు కొట్టండి” అన్నాను. కర్రలు పట్టుకున్న వాళ్ళు ఒక్క అడుగు ముందుకు వేశారు. అప్పుడు బాబాయ్ ఎగువ ఊరి వాళ్ళ చేతుల్లోంచి పార తీసుకుని మొదటి దెబ్బ తనే వేశారు. ఇంక ఎవరూ ఏమీ అనలేదు. అన్నగారు వెనక్కి తిరిగి ఊరి వైపు నడిచిపోయారు.

ఒకటిన్నర రోజులో ఎగువ ఊరి ఇళ్ళలోంచి నీళ్ళు దిగిపోయాయి. పేటలోకి చుక్క రాలేదు. బాబాయ్ వాళ్ళ ఊరికి రోడ్డు తెగి వారం రోజులు పడవ మీదే రాకపోకలు. పనలన్నీ నీళ్ళలో మొలకెత్తాయి. చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన ఎకరంలో పచ్చటి మొలకలు వేలెడంత లేచి ఉన్నాయి. ఆయన ఒక పనని ఎత్తి చూసి, మెల్లగా మళ్ళీ కింద పెట్టారు. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

ఊరు ఆయన్ని క్షమించలేదు. అన్నగారు మాట్లాడటం మానేశారు. అరుగు మీద కాఫీలు ఆగిపోయాయి, మధ్యగోడ మీద ఇంకో రెండు వరసలు ఇటుకలు లేచాయి. బాబాయ్ ఆ తరవాత కర్ర పట్టుకోలేదు. ఆఫీసులోనే ఏదైనా పని చెప్పమన్నారు. “మోకాళ్ళు నొప్పులమ్మా” అన్నారు. నేను నమ్మాను. రిటైరయ్యేదాకా బీరువాలు తుడిచారు, టపా మోశారు. నేను తెనాలికి బదిలీ అయ్యాను. కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరుకీ ఆయన కథ చెప్పాను. అన్న వాల్చమన్నా వాల్చని మనిషి, తన పంట మునుగుతుందని తెలిసీ నిజాన్ని నిటారుగా నిలబెట్టిన మనిషి అని. చెప్పినప్పుడల్లా గర్వంగా ఉండేది, అందులో నా సంతకం కూడా ఉంది కాబట్టి.

పెదకర్మ రోజుకి వాన వెలిసింది. ఆయన ఊరికి వెళ్ళాను. పేట నుంచి చాలామంది వచ్చారు, షామియానా బయట ఎండలో నిలబడ్డారు. కూతురు నన్ను చూసి చేతులు పట్టుకుంది. భోజనాలు మొదలవుతుండగా అన్నగారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. బాగా పెద్దవారైపోయారు.

“ఆ రోజు మిమ్మల్ని చాలా బాధపెట్టానండి,” అన్నాను. “కానీ ఆయన కర్ర వాల్చలేదు. అది మాత్రం నేను ఎప్పటికీ మర్చిపోను.”

ఆయన కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు.

“వాల్చాడమ్మా,” అన్నారు.

నాకు అర్థం కాలేదు.

“పేట దగ్గర తిన్నగానే పట్టుకున్నాడు. మన రోడ్డు దగ్గర వాల్చాడు. మీ వైపుకి. మీరు యంత్రంలో చూశారు, మేం కట్ట మీద పక్కనుంచి చూశాం. ఇంత వాలింది.” చెయ్యి వంచి చూపించారు. “నిజానికి పేటే అంగుళమో అరంగుళమో పల్లం. చిన్నప్పటి నుంచీ ఆ నీళ్ళలో ఈదినోళ్ళం, మాకు తెలీదా? తేడా అంతే గనకే, ఖాయంగా ఉండాలని పేట దగ్గర వాల్చమన్నా. అందరి ముందూ ‘మా అన్న వాల్చమంటన్నాడు’ అని వాడే చెప్పాక ఇంకెవడికి అనుమానం వస్తది వాడి మీద?”

మొదట నాకు కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు? అది నా సంతకం. ఏళ్ళ తరబడి అందరికీ చెప్పుకున్నది నా గొప్ప. నన్ను అడిగి ఉంటే నేను ఏం చేసేదాన్నో అని ఒక్క క్షణం ఆలోచించాను. ఏం చేసేదాన్నో నాకు తెలుసు. అంకె ఎటు చూపిస్తే అటే కొట్టించేదాన్ని. పెద్దసారు చెప్పింది అదే. ఆయనకీ ఆ సంగతి తెలుసు. అందుకే నన్ను అడగలేదు. మోకాళ్ళ నొప్పులు ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది. కోపం పోయి సిగ్గు మిగిలింది.

“మరి చూసినవాళ్ళు అప్పుడే ఎందుకు చెప్పలేదండి? మీ నాలుగు ఎకరాలు పోయాయి కదా.”

“చెప్తే మీరు పేట వైపు కొట్టిస్తారు గదమ్మా.” షామియానా బయట నిలబడ్డ వాళ్ళ వైపు ఒకసారి చూశారు. “అందులో పిల్లలున్నారని మాకు మాత్రం తెలీదేంటి? కర్రలు పట్టుకుని నిలబడ్డాం గానీ, వాడు వాల్చింది చూసి ఒక్కడూ నోరెత్తలేదు. ఇరవై మందిమి చూశాం.”

“మరి ఆయనతో ఇన్నేళ్ళు మాట్లాడకుండా ఎందుకున్నారు?”

“ఏం మాట్లాడను? తిడదామంటే అబద్ధం. మంచి పని చేశావురా అందామంటే, పంట పోయినోళ్ళందరి మధ్యా బతకాలి. నోరు తెరిస్తే ఆ ఒక్క మాటే వచ్చేదమ్మా. అందుకని తెరవలా.” కండువాతో మొహం తుడుచుకున్నారు. “రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. వాడు ముందు పోతాడనుకోలా.”

లోపల నుంచి ఎవరో భోజనానికి పిలిచారు. ఆయన లేచి, మళ్ళీ ఆగారు.

“మీ ఆఫీసు పుస్తకంలో ఆ అంకె అట్టాగే ఉందా అమ్మా?”

“ఉందండి.”

“దిద్దకండి,” అన్నారు. “అదొక్కటే, మా వాడు రాయించిన అబద్ధం.”